బోర్లా వేసిన మూడు ముక్కలు

పద్నాలుగో నంబరు గది తలుపు వెనక ఒక అట్ట ఉంది. ఏసీ వచ్చిన డబ్బాను కోసి తీసిన అట్ట. దాని మీద మార్కరుతో పదకొండు రూల్సు రాసి ఉన్నాయి. చెప్పింది భోజన్న, రాసింది ఉదయకిరణ్.

గది సౌదీలోని ఖమీస్ ముషైత్ ఊరి చివర, కంపెనీ క్యాంపులో ఉంది. నలుగురు ఉంటారు. మంచాలు రెండు, ఒక్కోదానికి కింద ఒక పడక, పైన ఒక పడక. నలుగురికి రెండే కింది పడకలు కాబట్టే ఆ గదికి రూల్సు అవసరమయ్యాయని భోజన్న అంటాడు.

భోజన్న షట్టరింగ్ కార్పెంటరు. వయసు యాభై ఒకటి. ఊరు కోరుట్ల దగ్గర. సౌదీకి వచ్చి పద్నాలుగేళ్లు, ఈ గదికి వచ్చి ఎనిమిదేళ్లు. రాకముందు ఊళ్లో గ్రామాభివృద్ధి కమిటీలో రెండేళ్లు మెంబరుగా ఉన్నాడు. అక్కడ ఆయన నేర్చుకున్నది ఒకటే. సొంత మనిషి కోసం రూలును ఒకసారి వంచితే, ఆ తర్వాత అది ఎవరి కోసమూ నిలబడదు. కమిటీలో మిగతావాళ్లు అది నేర్చుకోలేదు. అందుకే వాళ్లు కమిటీలో ఉన్నారు, ఆయన సౌదీలో ఉన్నాడు.

గదిలో మూడు ముక్కలాట ఆడతారు. భోజన్న ఆడడు. పంచుతాడు, తీర్పు చెబుతాడు. మొదటి రూలు, పైసలు పెట్టి ఆడొద్దని. ఈ దేశంలో ముక్కల పక్కన పైసలు కనిపిస్తే పోలీసు వస్తాడు, పోలీసు వెనక విమానం వస్తుంది. అందుకని వంతులు పెట్టి ఆడతారు. వంట వంతు, బాత్రూం కడిగే వంతు, కింది పడక.

మిగిలిన పదింటిలో మూడు తెలిస్తే చాలు. ఐదోది, ఏ ముక్కలు పెద్దవి, ఏవి చిన్నవి అన్నది. ఏడోది, షో దగ్గర, అంటే ఎవరివి పెద్దవో చూపించేటప్పుడు, బోర్లా వేసిన ముక్కలు చచ్చిన ముక్కలు, లోపల ఏమున్నా మళ్లీ లేవవు. ఎనిమిదోది, చచ్చిన ముక్కలను ఎవరూ తిప్పి చూడొద్దు. చూసినవాడికి ముందు ఏ వంతు రావాల్సి ఉంటే ఆ వంతు పోతుంది, పడకైనా, వంటైనా, ఛుట్టీ అయినా. ఛుట్టీ, అంటే ఊరికి పోయే సెలవు, అన్న మాట ఉదయకిరణ్ నవ్వులాటకు కలిపాడు. "ఉండనియ్, భయముంటది" అన్నాడు భోజన్న. అట్ట తగిలించి ఆరేళ్లయింది. ఎనిమిదో రూలు ఎవరికీ పడలేదు.

ఏడో రూలు పోయినేడాది ఉదయకిరణ్‌కే పడింది. అతను ఎలక్ట్రీషియన్, సోంపేట వాడు. కింది పడక కోసం స్వామితో ఆడాడు. చేతిలో రెండు రాజులు పెట్టుకుని, స్వామి ముఖంలో నవ్వు చూసి, తన పని అయిపోయిందనుకుని బోర్లా వేశాడు. స్వామి తిప్పితే రెండు ఏడులు. "నావి రెండు రాజులన్నా, తిప్పనీయన్నా" అని మొత్తుకున్నాడు ఉదయకిరణ్. "చచ్చినయ్" అన్నాడు భోజన్న. స్వామి భోజన్నకు బామ్మర్ది, భార్య ముత్యవ్వకు సొంత తమ్ముడు. ఆ రోజు నుంచి ఉదయకిరణ్ ఇనుప నిచ్చెన ఎక్కి పై పడకకు పోయేటప్పుడల్లా, నలుగురికీ వినిపించేటట్టు, "ఏడో రూలు" అంటూ ఎక్కుతాడు.

నాలుగోవాడు బాషా. పెయింటరు, రాయచోటి మనిషి. అతను ముక్కలు ముట్టుకోడు.

ఆ బుధవారం సాయంత్రం క్యాంపు ఆఫీసు నుంచి ఆఫ్తాబ్ వచ్చాడు. హైదరాబాదు వాడు. ఇకామా అనే నివాస పర్మిట్లు, ఛుట్టీలు, టికెట్లు అన్నీ అతని కంప్యూటరులోంచే పోతాయి. గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"దేఖో భాయ్, ఈ రూమ్‌కి టూ లీవ్సే శాంక్షన్ అయినయ్. జూన్ ట్వంటీ నుంచి టూ మంత్స్. భోజన్నది ఆల్రెడీ అప్రూవ్డ్. సెకండ్‌ది స్వామిదా, బాషాదా? ఇద్దరూ అప్లై చేసిండ్రు. మీరే డిసైడ్ చేసుకొని సాటర్డే మార్నింగ్ సెవెన్‌కి నేమ్ ఇయ్యుండ్రి."

"ఇయ్యకపోతే?" అన్నాడు స్వామి.

"పక్క రూమ్‌కి ఇస్త. బంగ్లాదేశీలు, ఫటాఫట్ డిసైడ్ చేస్తరు. మిగిలినోళ్లకు ఇగ నవంబరే."

భోజన్న ఇంటికి పోయి రెండేళ్ల ఎనిమిది నెలలైంది. ఆయన పడక కింద అట్టపెట్టె సగానికి పైగా నిండింది. రెండు దుప్పట్లు, సబ్బులు, ఖర్జూరం, బాదం, రెండు టార్చిలైట్లు, మోకాళ్లకు రాసే మందు. పెట్టెకు నాలుగు వైపులా ఆయన పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి ఉన్నాయి. వారానికోసారి దాన్ని కొక్కెం కాంటకు తగిలించి తూస్తాడు. ఆ వారం ఇరవై రెండు కిలోలు తూగింది. ముప్పై దాకా పోనిస్తారు. ఇంకా ఎన్ని రోజులున్నాయో ముత్యవ్వ రోజూ ఫోన్లో చెబుతుంది, అడగకపోయినా.

స్వామికి ఛుట్టీ ఎందుకు కావాలో గదిలో అందరికీ తెలుసు. జూన్ ఆఖర్లో ఊళ్లో భూముల సర్వే ఉంది. గొలుసు పట్టి కొలిచేనాడు పొలంలో తను నిలబడకపోతే, పక్క పొలం పాలోడు, అంటే దాయాది, గట్టును రెండు గుంటలు ఇవతలికి జరుపుతాడు. ఇప్పటికే ఒకసారి జరిపాడు.

బాషాకు ఎందుకు కావాలో కూడా తెలుసు. అతని కూతురు ముబష్షిరాకు రెండేళ్ల రెండు నెలలు. అతను సౌదీకి వచ్చిన నాలుగు నెలలకు పుట్టింది. భార్య ఉమేరా ఫోన్ చూపించి "అబ్బా" అని నేర్పింది. పాప ఫోన్‌నే అబ్బా అనుకుంటోంది. చార్జింగుకు పెడితే అబ్బా నిద్రపోయాడంటుంది.

బుధవారం రాత్రి, గురువారం పొద్దున, గురువారం సాయంత్రం ఇదే మాట నడిచింది.

"పాప యాడికి పోతదిరా బాషా? ఇంట్లనే ఉంటది. నా భూమే పోతది" అన్నాడు స్వామి.

"బూమి యాడికి పోతాదప్పా? ఆడనే పండుకోనుంటాది. నా బిడ్డే పెరిగిపోతా ఉండాది" అన్నాడు బాషా.

ఇద్దరూ చెప్పింది నిజమే. చివరికి ఇద్దరూ భోజన్న వైపు తిరిగారు.

"రెండు కష్టాలను తూచే కాంట నా దగ్గర లేదు. నా దగ్గరున్నది పెట్టెలు తూచేది" అన్నాడు భోజన్న.

"చీట్లేసీండన్నా, గొడవొగ్గిపోద్ది" అన్నాడు ఉదయకిరణ్ పై పడక మీంచి.

"చీట్లు నేను చూసిన. మా ఊళ్ల ఇసుక ట్రాక్టర్లకు చీట్లేసిండ్రు. రెండు చీట్లల్ల ఒకటే పేరుండె. ఎవలు రాసిండ్రో ఇప్పటిదాక తెల్వది."

అట్లా మూడు ముక్కలాట తేలింది. స్వామికి అభ్యంతరం లేదు. బాషా మదీనాలో ఒక హోటల్లో పనిచేసే తన ఊరి పీర్ సాహెబ్‌కు ఫోన్ చేసి అడిగాడు. పీర్ సాహెబ్ చాలాసేపు మాట్లాడాడు. దాని సారాంశం, పైసలు లేవు కాబట్టి జూదం కాదు, కానీ కాలం వృథా. వృథా చేయక తప్పకపోతే మూడు పంపకాలతో ఆపాలి. అందుకని మూడు పంపకాలు అనుకున్నారు. రెండు గెలిచినవాడు పోతాడు. గురువారం రాత్రి ఉదయకిరణ్ బాషాకు ఆట నేర్పాడు. మూడూ ఒకటే అయితే అన్నిటికంటే పెద్ద, తర్వాత వరస, తర్వాత ఒకే రంగు, తర్వాత జోడీ. గంటన్నరలో బాషాకు వచ్చేసింది. మిగతాది అట్ట మీద చదువుకొమ్మని చెప్పి ఉదయకిరణ్ పడుకున్నాడు.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యింది. బాషా వచ్చాడు. అన్నాలు తిన్నారు. మూడింటికి నేల మీద దుప్పటి పరిచారు. కిటికీ బయట చెత్తడబ్బా దగ్గర కొండ కోతులు నాలుగు రొట్టెల సంచి కోసం కొట్లాడుకుంటున్నాయి. వాటికి రూల్సు లేవు. అన్నిటికంటే పెద్దది తీసుకుంది.

భోజన్న ముక్కలు కలిపాడు. బాషా చేత కోయించాడు. మూడేసి పంచాడు.

మొదటి పంపకంలో స్వామికి పదుల జోడీ. బాషాకు ఏమీ లేదు. రెండోదాంట్లో బాషాకు మూడూ ఆఠీన్లు, ఒకే రంగు. స్వామికి జోడీ. ఒకటీ ఒకటీ.

"నేర్చుకొని ఒక్కరోజు కాలే, నా మీదికే అస్తున్నవా?" అన్నాడు స్వామి.

"గురువెవడు మరి?" అన్నాడు ఉదయకిరణ్.

మూడో పంపకం. స్వామి తన మూడు ముక్కలు ఒక్కొక్కటే లాగి చూశాడు. తర్వాత దుప్పటి మీద పరిచాడు. పది, జాకీ, రాణి. వరస.

బాషా తన ముక్కలు చూశాడు. తలెత్తి తలుపు వెనక అట్ట వైపు చూశాడు. మళ్లీ ముక్కలు చూశాడు. పెదవులు కదిలాయి, లెక్కపెడుతున్నట్టు. మూడూ దగ్గరికి చేసి, దుప్పటి మీద బోర్లా పెట్టాడు.

"నాది చిన్నదన్నా."

"ఓపాలి సరిగ్గా సూసుకోరా..." అన్నాడు ఉదయకిరణ్.

"ఆరో రూలు. ఆడేటోనికి ఎవ్వలు చెప్పొద్దు" అన్నాడు భోజన్న. బాషా వైపు తిరిగాడు. "వేసినవా?"

"ఏసినా."

"చచ్చినయ్. స్వామి గెలిచిండు."

స్వామి రెండు చేతులూ జోడించి పైకప్పుకు దండం పెట్టాడు. అక్కకు చెబుతానని ఫోన్ పట్టుకుని బయటికి పోయాడు. ఉదయకిరణ్ "రెండోసారి బామ్మర్దే. నానేటీ అన్నేదు. ఊరికే లెక్కెట్టాను" అని సిగరెట్టు కోసం పోయాడు. ఓడినవాడు చాయ్ పెట్టాలని రూలేమీ లేదు. బాషా చాయ్ పెట్టడానికి వంటగదికి పోయాడు.

గదిలో భోజన్న ఒక్కడే మిగిలాడు. ఆట అయ్యాక ముక్కలు లెక్కపెట్టి డబ్బాలో పెట్టడం ఆయన పని. వీపు వైపు నుంచి లెక్కపెడతాడు. ఆరేళ్లలో ఎవరి చచ్చిన ముక్కలూ ఆయన తిప్పి చూడలేదు. ఉదయకిరణ్ రెండు రాజులను కూడా చూడలేదు.

బాషా మూడు ముక్కలు వేరుగా పడి ఉన్నాయి. భోజన్న వాటిని చేతిలోకి తీసుకున్నాడు. గెలిచింది బామ్మర్ది. ఓడింది నిన్న ఆట నేర్చుకున్నవాడు. ఆ వరస కంటే చిన్నదేదో ఈ ముక్కల్లో ఉందని ఒక్కసారి కంటితో చూసుకుంటే, విమానంలో స్వామి పక్కన కూర్చుని నిద్రపోవచ్చు. అంతకుమించి ఆయనకు ఏ ఉద్దేశమూ లేదు. కిటికీ వైపు తిరిగి, తిప్పి చూశాడు.

కళావరు ఎక్కా. ఆఠీను రెండు. ఇస్పేటు మూడు.

భోజన్న వాటిని కట్టలో కలిపి, కట్టను డబ్బాలో పెట్టి, డబ్బాను అల్మారాలో పెట్టాడు. తర్వాత అట్ట దగ్గరికి పోయాడు. ఐదో రూలు మొదటి వాక్యం కనిపిస్తోంది. వరసల్లో ఎక్కా రాజు రాణి అన్నిటికంటే పెద్ద. రెండో వాక్యం ఉండాల్సిన చోట రంజాన్ ఉపవాసాల టైము కాగితం అంటించి ఉంది. రంజాన్ పోయి రెండు నెలలైంది. కాగితం అంటించింది బాషానే. రూల్సు నోటికి వచ్చినవాళ్లు అట్ట వైపు చూడరు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. భోజన్న గోటితో కాగితం అంచు లేపాడు. కింద ఉదయకిరణ్ రాత ఉంది. దాని తర్వాత ఎక్కా రెండు మూడు. దాని తర్వాత రాజు రాణి జాకీ. అట్లా కిందికి.

ఒకటి రెండు మూడు అన్నిటికంటే చిన్న వరస అని బాషా అనుకున్నాడు. లెక్క వచ్చిన ఎవడైనా అదే అనుకుంటాడు. పది జాకీ రాణిని అది కొడుతుందని చెప్పే వాక్యాన్ని అతనే కాగితంతో మూసుకున్నాడు.

బాషా చాయ్ తెచ్చాడు. భోజన్న తాగాడు. చక్కెర లేదు. బాషా వేయడం మరిచిపోయాడు. భోజన్న అడగలేదు.

అయిదింటికి ముత్యవ్వ ఫోన్ చేసింది.

"తమ్ముడు చెప్పిండు. ఇద్దరు ఒక్క విమానంలనే అస్తుండ్రట గదా?"

"ఆఁ."

"ఆఁ ఏంది? గొంతేంది గట్లున్నది?"

"చాయ్ తాగుతున్న."

"చాయ్ తాగితే గొంతు మంచిగుండాలె. సరే, ఇంక పదిహేడు రోజులు."

ఫోన్ పెట్టేశాక భోజన్న పెట్టె బయటికి లాగి కాంటకు తగిలించాడు. ఇరవై రెండు. మళ్లీ లోపలికి తోశాడు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. బాషాకు కూడా తెలియదు. తన ముక్కలు చిన్నవని బాషా చచ్చేదాకా అనుకుంటాడు. చెప్పి, బాషానే గెలిచాడంటే ఏడో రూలు పోతుంది. ఏడో రూలు పోతే ఉదయకిరణ్ రెండు రాజులు లేస్తాయి. వాటి వెనక ఆరేళ్లుగా చచ్చిన ముక్కలన్నీ లేస్తాయి, వంట వంతులతో సహా. కమిటీలో ఒకసారి అట్లాగే అయింది. ఒక జరిమానా మాఫీ చేస్తే, నలభై మంది రసీదులు పట్టుకుని వచ్చారు.

ముక్కలు బోర్లా పడ్డాయన్నది నిజం. అవి గెలిచే ముక్కలన్నది కూడా నిజం. రెండూ తెలిసింది తనొక్కడికే. తెలియడానికి తను ఏం చేశాడన్నది కూడా తనొక్కడికే తెలుసు. అక్కడికి వచ్చేసరికి భోజన్న ఆలోచన ఆగింది. లేచి ముఖం కడుక్కున్నాడు.

పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక నలుగురూ పేపరు పరిచి తినడానికి కూర్చున్నారు. పప్పు, ఖుబ్బూస్ రొట్టెలు, ఉల్లిగడ్డ. భోజన్న మొదటి ముక్క తుంచకముందే చెప్పాడు.

"నేను బాషా పత్తాలు తిప్పి చూసిన."

ఎవరూ తినడం ఆపలేదు. మాట అందడానికి కొంత సమయం పట్టింది.

"ఎక్కా రెండు మూడు" అన్నాడు భోజన్న.

ఉదయకిరణ్ చేతిలో ఉల్లిగడ్డ ఆగిపోయింది. "అమ్మ బాబోయ్" అన్నాడు.

"అంటే?" అన్నాడు బాషా. "ఒకటి రెండు మూడే గదా? అదే నేను సెప్పింది, చిన్నదని."

"పెద్దది" అన్నాడు భోజన్న. "ఐదో రూలు. నీ రంజాన్ కాయితం కింద ఉన్నది. పో, చూసి రా."

బాషా లేచి పోయి కాగితం పూర్తిగా పీకాడు. చదివాడు. రెండోసారి చదివాడు. కాగితం చేతిలో పట్టుకునే వచ్చి కూర్చున్నాడు.

"అయితే నేనే గెలిచినానా?"

"లేదు. స్వామి గెలిచిండు. నువ్వు బోర్లా వేసినవ్. అడిగిన, వేసిన అన్నవ్. చచ్చినయ్."

బాషా కొంతసేపు పప్పు గిన్నె వైపు చూశాడు. "మరి నాకు సెప్పేదెందుకన్నా? తెలీకుంటే నెమ్మదిగా పండుకునేటోణ్ణి."

భోజన్న పప్పు గిన్నెను బాషా వైపు జరిపాడు.

"నువ్వెందుకు చూసినవ్ బావా?" అన్నాడు స్వామి. "ఎవలు చూడమన్నరు నిన్ను?"

"ఎవ్వలు అన్లే. ఉదయకిరణ్, ఎనిమిదోది చదువు."

"నాకు కంఠతా వచ్చన్నా, నానే రాసేను."

"గట్టిగ చదువు."

ఉదయకిరణ్ కూర్చున్నచోటి నుంచే, అట్ట వైపు చూడకుండా చెప్పాడు. "చచ్చిన ముక్కల్ని ఎవరూ తిప్పి సూడొద్దు. సూసినోడికి ముందు ఏ వంతుంటే ఆ వంతు పోద్ది. పడకైనా, వంటైనా..." అక్కడ ఆగాడు. "అన్నా, అది నాను నవ్వులాటకి రాసేను."

"నవ్వులాటకు రాసిన రూలని అట్ట మీద యాడ రాసి లేదు" అన్నాడు భోజన్న. "నాకు ముందున్న వంతు ఛుట్టీ. అది పోయింది."

బయట కోతులు డబ్బా మూత పడేసిన చప్పుడైంది.

"బావా, నీకు పిచ్చి లేసిందా?" అన్నాడు స్వామి. "అక్కకు నేనేం జెప్పాలె? నేను అచ్చిన, నీ మొగడు రాలేదని చెప్పాల్నా? నన్ను వాకిట్లకు రానిస్తదా?"

"అయితే నువ్వాగు. నీ సీటు బాషాకియ్యి. అన్న ఎల్తాడు" అన్నాడు ఉదయకిరణ్.

స్వామి నోరు తెరిచాడు. గొలుసు, గట్టు, రెండు గుంటలు గుర్తొచ్చాయి కాబోలు, మూశాడు.

"గెలిచినోని దగ్గర గుంజుకునే రూలు లేదు" అన్నాడు భోజన్న. "దరఖాస్తు పెట్టినోళ్లు ముగ్గురు. ఒగలు గెలిచిండ్రు, ఒగలది పోయింది. మిగిలిందెవలు?"

"నేను" అన్నాడు బాషా. అని వెంటనే తల అడ్డంగా ఊపాడు. "నాకొద్దన్నా. నీ పెట్టె కట్టి పెట్టుకోనుండావు. నేనే ఏసినా గదా బోర్లా."

"నేనిచ్చుడు గాదు. నాది గాంది నేనెట్లిస్త? ఖాళీ అయింది, నువ్వున్నవ్. వద్దంటే పక్క రూముకు పోతది. బంగ్లాదేశోళ్లు ఫటాఫట్ చేస్తరు."

బాషా చేతిలోని కాగితం నాలుగు మడతలు పెట్టాడు.

ఉదయకిరణ్ గొంతు సవరించుకున్నాడు. "పోయిన వంతు ఎవరికెల్తాదో ఎనిమిదోదాంట్లో నేదు. రాసినోణ్ని, నాకు తెల్సు. నేపోతే నానూ రేపొద్దున్నే దరకాస్తు ఎట్టుకోవచ్చు."

ముగ్గురూ అతని వైపు చూశారు. భోజన్న ఒప్పుకున్నాడు. "రాయలే. నిజమే. నీకూ హక్కున్నది."

"హక్కుందని ఒప్పుకున్నారు కదా. సాలు. ఇప్పుడు ఒగ్గేస్తాను. స్వామి ఎల్లిన రెండ్నెల్లూ కింది పడక నాది."

"రెండు నెల్లే" అన్నాడు స్వామి. "అచ్చినంక నాది నాకే."

"వచ్చినాక ఆడదాం. ఈపాలి నాను బోర్లా ఎయ్యను."

తర్వాత తిన్నారు. పప్పు చల్లారింది. ఎవరూ వేడి చేయలేదు.

శనివారం పొద్దున ఏడుకు పది నిమిషాల ముందు భోజన్న ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆఫ్తాబ్ కంప్యూటరు తెరుస్తున్నాడు.

"నేమ్?"

"స్వామి, బాషా."

"ఒక్కటే కదా భాయ్?"

"నాది కొట్టెయ్యి. ఆడ బాషాది పెట్టు."

ఆఫ్తాబ్ కుర్చీ వెనక్కి జరిపాడు. "అరే, మీది అప్రూవ్డ్ అని చెప్పిన కదా. క్యాన్సిల్ కొడితే మళ్లీ సిస్టమ్‌ల ఎక్కియ్యాలె. నవంబర్ కంటే ముందు కాదు. షూరా?"

"ఆఁ."

"రీజన్ కాలమ్ ఉంటది. ఖాళీగ ఉంటే సిస్టమ్ తీస్కోదు. ఏం రాయాలె?"

"ఎనిమిదో రూలని రాయి."

ఆఫ్తాబ్ ఆయన ముఖం చూశాడు. తర్వాత 'పర్సనల్' అని కొట్టాడు. సిస్టమ్ తీసుకుంది.

ఆ రోజు భోజన్న పని నుంచి వచ్చేసరికి బాషా అట్టకు నాలుగు మూలలా కొత్త టేపు వేశాడు. రంజాన్ కాగితం కనిపించలేదు. పదకొండు రూల్సూ కనిపిస్తున్నాయి. స్వామి భోజన్న పెట్టెను తన మంచం పక్కకు జరిపి పెట్టాడు. తనే తీసుకుపోయి అక్క చేతికి ఇస్తానన్నాడు. పెట్టె మీద పేరు కొట్టేసి తన పేరు రాయమని ఉదయకిరణ్‌ను అడిగాడు. "పెట్టె అన్నది, మోసేవోడివి నువ్వు. పేరు మార్సడానికి రూల్నేదు" అన్నాడు ఉదయకిరణ్.

అయిదింటికి ఫోన్ మోగింది. స్వామి బాత్రూములోకి పోయి గడియ పెట్టుకున్నాడు. భోజన్న ఫోన్ ఎత్తి మొత్తం చెప్పాడు. బోర్లా వేసింది, తిప్పి చూసింది, చెప్పింది, పేరు కొట్టేయించింది. ముత్యవ్వ మధ్యలో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. అట్లా ఎన్నడూ జరగలేదు. ఫోన్ కట్టయిందేమోనని భోజన్న రెండుసార్లు తెర చూసుకున్నాడు.

"చూసినవ్ పో" అన్నది చివరికి. "చెప్పుడెందుకు?"

"నువ్వు కూడ గదే అడుగవడ్తివి."

"ఇంకెవలడిగిండ్రు?"

"బాషా."

"ఆ పిలగానికి బుద్ధున్నది" అన్నది. "నవంబరంటే ఇంక ఎన్ని రోజులో నేను లెక్కపెట్ట. నువ్వే పెట్టుకో."

"మంచిది."

"ఇంతకు గవేం పత్తాలు?"

"ఎక్కా రెండు మూడు."



"ఒకటి రెండు మూడా?" అన్నది ముత్యవ్వ. "గది చిన్నది గాదా?"

భోజన్న లేచి తలుపు దగ్గరికి నడిచాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, అట్ట ముందు నిలబడి, ఐదో రూలు మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు.